జీవశాస్త్రవేత్తలకు కంప్యూటరు విద్య

జీవశాస్త్రవేత్తలకు కంప్యూటరు విద్య అనగా వృక్ష, జంతు, సూక్ష్మజీవ, జన్యు, వ్యవసాయ శాస్త్రాలను అభ్యసించినవారు తమ పరిశోధనకు కావలసినంత మేరకు కంప్యూటరు వాడకమును, ప్రోగ్రాము రచనను నేర్చుకొనుట. ఇది కంప్యూటరు ఇంజనీరింగు చదువు కాదు. కొత్త సాఫ్ట్‌వేరును తయారుచేసి అమ్మడము దీని లక్ష్యము కాదు. తాను సేకరించిన వివరాలను తప్పు లేకుండా భద్రపరచుకొనుట, వాటిని లెక్కకట్టుట, ఆ లెక్కను మరొకరు తిరిగి చేసి సరిచూచుకొనే వీలు కల్పించుట దీని ముఖ్యోద్దేశములు. జీవ సమాచార శాస్త్రము దీనికి సమీపమైన విషయమే గాని, అది ఒక ప్రత్యేక శాఖ. ఇక్కడ చెప్పబడే కనీస పరిజ్ఞానము మాత్రము ఆ శాఖలో చేరనివారికి కూడా అవసరమైనది.

నేపథ్యము

ఒకప్పుడు జీవశాస్త్రమునకు సూక్ష్మదర్శిని, నోటుపుస్తకము, పదునైన కన్ను ఉంటే చాలుననే అభిప్రాయము ఉండేది. డి.ఎన్.ఏ.లోని అక్షరక్రమమును యంత్రములతో చదవడము మొదలైన తరువాత పరిస్థితి మారినది. డి.ఎన్.ఏ. సందేశము ఎ, టి, జి, సి అను నాలుగు అక్షరాలతో వ్రాయబడి ఉంటుంది. మానవుని జన్యుపటములో ఇటువంటి అక్షరాలు సుమారు 310 కోట్లు. 2014లో ప్రకటించబడిన మిరప జన్యుపటము అంతకంటె పెద్దది, దాని పరిమాణము సుమారు 348 కోట్ల అక్షరాలు. సెకనుకు ఒక అక్షరము చొప్పున రాత్రింబవళ్ళు చదివినా మిరప జన్యుపటము పూర్తిచేయడానికి దాదాపు 110 సంవత్సరాలు పడుతుంది. కనుక ఇది కంటితో చదివే పని కాదు, యంత్రముతో చదివించే పని. యంత్రమునకు పని చెప్పడము రానివారు ఆ పనికై మరొకరిపై ఆధారపడక తప్పదు.

చరిత్ర

జీవశాస్త్రములో కంప్యూటరు వాడకమునకు తొలి మార్గదర్శకులలో అమెరికాకు చెందిన మార్గరెట్ డేహాఫ్ ముఖ్యురాలు. ఈమె రాబర్ట్ లెడ్లీతో కలసి 1960వ దశకము ఆరంభములో మాంసకృత్తుల అక్షరక్రమమును కూర్చే ప్రోగ్రామును ఐ.బి.ఎం. 7090 యంత్రముపై రూపొందించినది. 1965లో అప్పటికి తెలిసిన 65 మాంసకృత్తుల అక్షరక్రమములతో ఒక సంకలనమును వెలువరించినది. అమైనో ఆమ్లములను ఒక్కొక్క అక్షరముతో సూచించే పద్ధతి ఈమె వలననే ప్రచారములోకి వచ్చినది.

ఆ తరువాతి ముఖ్య ఘట్టములు ఈ విధముగా ఉన్నవి.

* 1970: రెండు అక్షరక్రమములను పక్కపక్కన చేర్చి పోల్చే నీడిల్‌మన్-వున్ష్ పద్ధతి ప్రకటన.
* 1971: మాంసకృత్తుల త్రిమితీయ నిర్మాణములను భద్రపరచే ప్రొటీన్ డేటా బ్యాంకు స్థాపన.
* 1982: డి.ఎన్.ఏ. అక్షరక్రమముల భాండాగారమైన జెన్‌బ్యాంకు ప్రారంభము.
* 1990: బ్లాస్ట్ అను వెదకులాట ప్రోగ్రాము ప్రకటన, మానవ జన్యుపట ప్రణాళిక ఆరంభము.
* 2001: ఆర్ భాషపై ఆధారపడిన బయోకండక్టర్ ప్రణాళిక ఆరంభము.
* 2003: మానవ జన్యుపట ప్రణాళిక ముగింపు.

మానవ జన్యుపట ప్రణాళిక జరుగుతున్న కాలములో ఒక్కొక్క ప్రయోగశాల తన వివరాలను ఒక్కొక్క రూపములో నిలువచేసేది. ఒకరి ఫైలు మరొకరి ప్రోగ్రాములో తెరచుకొనేది కాదు. ఈ చిక్కును పెర్ల్ భాషలో వ్రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములతో ఎట్లు పరిష్కరించుకొన్నదీ లింకన్ స్టైన్ 1996లో ఒక వ్యాసములో వివరించాడు. స్టైన్ స్వయముగా వైద్యవిద్య, జీవశాస్త్రములు చదివినవాడే. అవసరము కొద్దీ నేర్చిన ప్రోగ్రామింగు పెద్ద ప్రణాళికకు ఎంతగా అక్కరకు వచ్చునో ఈ ఉదంతము తెలుపుతుంది.

శాస్త్రవేత్తలకు ప్రత్యేకముగా ఈ విద్యను నేర్పే ప్రయత్నములలో 1998లో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ పేర్కొనదగినది. వడ్రంగి పనిముట్లను పట్టినట్లు పరిశోధకుడు కంప్యూటరు పనిముట్లను పట్టవలెనని దీని భావన. 2014లో మొదలైన డేటా కార్పెంట్రీతో కలసి 2018లో ఇది కార్పెంట్రీస్ అను ఒకే సంస్థగా ఏర్పడినది.

భారతదేశములో కేంద్ర ప్రభుత్వ జీవసాంకేతిక శాఖ 1986-87లో జీవ సమాచార కేంద్రముల వ్యవస్థను ఆరంభించినది. విశ్వవిద్యాలయాలలోను, పరిశోధనాలయాలలోను కేంద్రములను నెలకొల్పి, జీవశాస్త్ర విద్యార్థులకు శిక్షణ ఇప్పించుట దీని కార్యక్రమములలో ఒకటి.

సి.ఆర్.రావు, జీవ గణాంక శాస్త్రము

కంప్యూటరు రాకముందే జీవశాస్త్రములోని కొలతలను గణితముతో ముడివేసినవారిలో కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023) అగ్రగణ్యుడు. తెలుగు కుటుంబములో, నేటి కర్ణాటకలోని హడగలిలో జన్మించిన ఈయన పాఠశాల విద్య గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నములలో సాగినది. వీటిలో నందిగామ 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో ఉండిన మెట్ట ప్రాంత పట్టణము.

1941లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరిన రావు, 1946లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు వెళ్ళాడు. సూడాన్ దేశములోని జెబెల్ మోయాలో త్రవ్వి తీసిన పురాతన మానవ అస్థిపంజరముల కొలతలను మహలనోబిస్ దూరము అను పద్ధతితో విశ్లేషించడము అక్కడ ఆయనకు అప్పగించబడిన పని. అదే కాలములో ఆర్.ఎ.ఫిషర్ పర్యవేక్షణలో పరిశోధన సాగించి 1948లో డాక్టరేటు పొందాడు. జీవులను అనేక కొలతల ఆధారముగా వర్గీకరించు విధానముపై ఆయన వ్యాసము కూడా 1948లోనే వెలువడినది. 1952లో జీవ గణాంక పరిశోధనా పద్ధతులపై ఆయన గ్రంథము ప్రచురితమైనది.

ఆనాటి లెక్కలు చేతితో త్రిప్పే గణన యంత్రములపై రోజుల తరబడి చేయవలసి వచ్చేది. ఆ పద్ధతులనే నేడు ఆర్ లేదా పైథాన్ భాషలో నాలుగైదు పంక్తులలో నడిపించవచ్చును. అయితే ఏ పద్ధతి ఎందుకు వాడవలెనో తెలియనివానికి ఆ వేగము వలన ప్రయోజనము లేదు. రావు పేరిట గణిత, గణాంక, కంప్యూటరు శాస్త్రముల ఉన్నత పరిశోధనా సంస్థ ఒకటి హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణములో 2007లో స్థాపించబడినది. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి లభించినది.

తెలుగునాట పరిశోధనా సంస్థలు

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము (సి.సి.ఎం.బి.), డి.ఎన్.ఏ. వేలిముద్రల కేంద్రము (సి.డి.ఎఫ్.డి.), పటాన్‌చెరులోని ఇక్రిశాట్, హైదరాబాదు విశ్వవిద్యాలయము, అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ (ట్రిపుల్ ఐటి) మొదలైనచోట్ల జీవశాస్త్రము, కంప్యూటరు కలసి నడుస్తున్నవి. సి.డి.ఎఫ్.డి. శాస్త్రవేత్తలు పట్టుపురుగు డి.ఎన్.ఏ.లోని పునరావృత భాగముల సమాచార నిధిని 2005లో ప్రకటించారు. ఇక్రిశాట్ నేతృత్వములోని అంతర్జాతీయ బృందము కంది జన్యుపటమును 2011లో వెలువరించినది. సుమారు 83 కోట్ల అక్షరముల ఆ జన్యుపటములో 48,680 జన్యువులు ఉండునని అంచనా కట్టారు. 2013లో శనగ జన్యుపటము వెలువడినది.

కోవిడ్ కాలములో ఈ పరిజ్ఞానము విలువ సామాన్యులకు కూడా తెలియవచ్చినది. కరోనా వైరసు జన్యుపటము 29,903 అక్షరములు మాత్రమే. ఒక్కొక్క రోగి నమూనా నుండి ఆ అక్షరములను చదివి, వూహాన్ నమూనాతో పోల్చి, ఏ స్థానములో ఏ అక్షరము మారినదో గుర్తించవలసి వచ్చినది. 2020 డిసెంబరులో ఏర్పడిన ఇన్సాకాగ్ అను జాతీయ ప్రయోగశాలల కూటమిలో సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి. రెండును భాగస్వాములైనవి.

విద్యావిధానములోని అడ్డుగోడ

తెలుగునాట పదవ తరగతి తరువాత విద్యార్థులు చాలాకాలముగా రెండు దారులలో చీలిపోతూ వచ్చారు. ఎం.పి.సి. తీసుకొన్నవారికి జీవశాస్త్రము ఉండదు. బై.పి.సి. తీసుకొన్నవారికి గణితము ఉండదు. పదహారేళ్ళ ప్రాయములో గణితమును విడిచిన విద్యార్థి, డిగ్రీలో రసాయన, వృక్ష, జంతు శాస్త్రములు చదివి, ఎం.ఎస్సీ.కో పిహెచ్.డి.కో వచ్చిన తరువాత గణాంకములను, ప్రోగ్రామింగును ఎదుర్కొనవలసి వచ్చును. అప్పటికి మధ్యలో అయిదారేళ్ళు గడచిపోయి ఉంటాయి. తెలివితేటల లోపము కాదు గాని, అలవాటు తప్పిన భయము ఇక్కడ పెద్ద ఆటంకము.

ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 విద్యాసంవత్సరము నుండి గణితమును, జీవశాస్త్రమును కలిపి చదువుకొనే ఎం.బై.పి.సి. అవకాశము ఇంటర్మీడియట్‌లో కల్పించబడినది. అంతకుముందు చదివినవారికి మాత్రము స్వయంకృషియే దారి. ప్రోగ్రాము రచనకు ఆరంభములో కావలసిన గణితము హైస్కూలు స్థాయిని మించదని వీరు గుర్తించవలెను. కూడిక, భాగహారము, శాతము, సగటు, ‘ఇట్లయితే అట్లు చేయుము’ అను తర్కము తెలిసినవారు మొదలుపెట్టవచ్చును.

నేర్వవలసిన అంశములు

పట్టిక తయారీ: అన్నిటికన్న ముందు నేర్వవలసినది వివరములను పట్టికగా వ్రాసుకొనుట. జి.కొండూరుకు చేరువలోని కొండపల్లి అడవిలో తెల్లపొణికి చెట్ల చుట్టుకొలతలను ఒక విద్యార్థి సేకరించినాడనుకొందాము. కొండపల్లి బొమ్మలకు ఈ చెట్టు కలపయే ఆధారము. ఒక్కొక్క చెట్టుకు ఒక్కొక్క అడ్డువరుస, ఒక్కొక్క లక్షణమునకు ఒక్కొక్క నిలువువరుస ఉండవలెను. ఒకే గడిలో ‘45 సెం.మీ., ఎండినది’ అని రెండు విషయములు వ్రాయరాదు. కొలత ఒక గడిలో, స్థితి మరొక గడిలో ఉండవలెను. కొలవని చెట్టుకు సున్న వ్రాయరాదు, ఏలయన సున్న కూడా ఒక కొలతయే. రంగులు పూసి అర్థము సూచించుట కంటికి బాగుండును గాని ప్రోగ్రామునకు ఆ రంగు తెలియదు. తొలుత వ్రాసిన పట్టికను మార్చక భద్రపరచి, లెక్కలన్నీ దాని నకలుపై చేయవలెను.

కమాండ్ లైన్: మౌసుతో బొమ్మలను నొక్కుటకు బదులు ఆజ్ఞలను టైపుచేసి పని చేయించు పద్ధతి ఇది. ఒక్క ఫైలు పేరు మార్చుటకు మౌసు చాలును. వెయ్యి ఫైళ్ళ పేర్లు మార్చవలసినప్పుడు ఆజ్ఞ ఒక్కటి చాలును. జన్యు పరిశోధనకు వాడే ప్రోగ్రాములు అధికభాగము లినక్స్‌పై ఈ పద్ధతిలోనే నడుస్తాయి.

ప్రోగ్రామింగు భాష: పైథాన్, ఆర్ అను రెండు భాషలు జీవశాస్త్రములో విశేషముగా వాడుకలో ఉన్నవి. ఫైళ్ళను, అక్షరక్రమములను సంబాళించుటకు పైథాన్, గణాంకములకు, పటములు గీయుటకు ఆర్ అనుకూలములు. రెండును ఉచితముగా లభించునవే. ఒక్కసారిగా రెండింటిని ఆరంభించుట కన్న ఒకదానిలో చేయి తిరిగిన తరువాత రెండవదానికి పోవుట మేలు.

మార్పుల చరిత్ర: ప్రోగ్రామును ఎప్పుడు, ఎందుకు మార్చినదీ నమోదుచేసే పనిముట్టు గిట్. దీనిని లినస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించాడు. ‘చివరిది’, ‘అసలు చివరిది’, ‘ఇదే చివరిది’ అని ఫైళ్ళకు పేర్లు పెట్టుకొనే బాధ దీనితో తప్పును. ప్రయోగశాల నోటుపుస్తకములో తేదీ వేసి వ్రాయుటకు, దీనికి ఉద్దేశము ఒక్కటే.

ఒక చిన్న ప్రోగ్రాము

డి.ఎన్.ఏ.లో జి, సి అక్షరముల శాతమును కనుగొనుట తొలిపాఠముగా వాడబడుతున్నది. ‘ఎటిజిసిజిటిఎజిసిటి’ అను పది అక్షరముల క్రమమును తీసుకొందాము. ఇందులో జి మూడుసార్లు, సి రెండుసార్లు వచ్చినవి. మొత్తము అయిదు, కనుక 50 శాతము. ఈ పనిని యంత్రమునకు చెప్పవలెనన్న దశలు ఇవి.

1. లెక్క అను పేరుతో ఒక పెట్టెను ఏర్పరచి, అందులో సున్న ఉంచుము.
2. క్రమములోని అక్షరములను ఎడమ నుండి కుడికి ఒక్కొక్కటిగా తీసుకొనుము.
3. ఆ అక్షరము జి గాని సి గాని అయితే, లెక్కకు ఒకటి కలుపుము.
4. అక్షరములు అయిపోయిన తరువాత, లెక్కను మొత్తము అక్షరముల సంఖ్యతో భాగించి, నూటితో హెచ్చవేయుము.

మొదటి దశలోని పెట్టెను చలరాశి అనియు, రెండవ దశను ఆవృత్తి అనియు, మూడవ దశను షరతు అనియు అందురు. ఈ మూడును అర్థమైనచో ప్రోగ్రామింగులో సగము దూరము నడిచినట్లే. పది అక్షరములకు వ్రాసినదే పది కోట్ల అక్షరములకును పనిచేయును.

అయితే జీవశాస్త్ర జ్ఞానము లేక ఈ నాలుగు దశలు చాలవు. యంత్రము చదవలేకపోయిన చోట ‘ఎన్’ అను అక్షరము వేయబడుతుంది. ఎన్‌లను కూడా మొత్తములో కలిపి భాగించినచో శాతము తగ్గి కనిపించును. కొన్ని ఫైళ్ళలో పునరావృత భాగములను ఆంగ్ల చిన్న అక్షరములతో సూచించుట కలదు. పెద్ద అక్షరములనే లెక్కించు ప్రోగ్రాము వాటిని వదలివేయును. ప్రోగ్రాము ఆగిపోదు, తప్పు చూపదు, తప్పు జవాబును మాత్రము ఇచ్చును. కనుక జవాబు ముందుగా తెలిసిన చిన్న ఉదాహరణతో ప్రోగ్రామును పరీక్షించు అలవాటు మొదటి రోజు నుండియే ఉండవలెను.

మెట్ట ప్రాంతములో ప్రయోజనము: మిరపపై తామర పురుగు

జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట మండలములు 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆపై ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. ఈ మెట్ట ప్రాంతములో పత్తి, మిరప ముఖ్యమైన వాణిజ్య పంటలు. మిరప ఆకులపై ముడత కలిగించు తామర పురుగు రైతులకు పాత శత్రువే. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప తోటలలో పూలను ఆశ్రయించి పూత, పిందె రాల్చివేసిన నల్ల తామర పురుగు వేరొక జాతి. దీని శాస్త్రీయ నామము త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగు భారతదేశములో తొలుత 2015లో బొప్పాయిపై నమోదైనది.

ఒక మిల్లీమీటరు పొడవు మాత్రమే ఉండే ఈ పురుగుల జాతిని కంటితో తేల్చుట నిపుణులకే కష్టము. పిల్ల పురుగుల విషయములో అది మరింత కష్టము. అందువలన డి.ఎన్.ఏ.లో సి.ఓ.ఐ. అను జన్యువు నుండి సుమారు 658 అక్షరముల భాగమును చదివి, భాండాగారములలోని క్రమములతో పోల్చుతారు. దీనిని డి.ఎన్.ఏ. బార్‌కోడింగు అందురు. రెండు క్రమములను పక్కపక్కన పెట్టి, ఎన్ని స్థానములలో తేడా ఉన్నదో లెక్కించవలెను. 658లో 12 తేడాలుంటే అది 1.8 శాతము. ఒక పురుగుకైతే చేతితో లెక్కించవచ్చును. నలభై గ్రామముల నుండి అయిదేసి పురుగులు తెచ్చినచో 200 క్రమములు అగును. వాటిని ఒకదానితో ఒకటి పోల్చవలెనన్న 19,900 జతలు ఏర్పడును. పైన చెప్పిన చలరాశి, ఆవృత్తి, షరతు తెలిసిన విద్యార్థి ఈ పనిని ఇరవై పంక్తుల ప్రోగ్రాముతో ముగించగలడు.

పురుగు జాతి తెలియకుండ మందు కొట్టిన రైతుకు ఖర్చు మిగులును గాని పంట దక్కదు. కనుక ఈ లెక్క ఎంత త్వరగా, ఎంత సరిగా తేలితే రైతుకు అంత మేలు. జగ్గయ్యపేట సమీపమున గరికపాడులో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రము వంటి సంస్థలు రైతుకు, పరిశోధనకు మధ్య వారధులు.

ప్రసిద్ధమైన పొరపాట్లు

కంప్యూటరుపై గుడ్డి నమ్మకము వలన జరిగిన పొరపాట్లు శాస్త్ర చరిత్రలో నమోదై ఉన్నవి.

* తేదీలుగా మారిన జన్యువులు: ఎక్సెల్‌లో ‘మార్చ్1’, ‘సెప్ట్2’ అను జన్యువుల పేర్లు టైపుచేసినచో అవి మార్చి 1, సెప్టెంబరు 2 తేదీలుగా మారిపోవును. ఈ సమస్యను 2004లోనే ఒక పత్రము వెలుగులోకి తెచ్చినది. 2016లో ప్రచురించబడిన పరిశీలనలో, ఎక్సెల్ జన్యు పట్టికలు జతచేసిన పత్రములలో సుమారు అయిదింట ఒకవంతులో ఇట్టి తప్పులు ఉన్నట్లు తేలినది. తుదకు జన్యు నామకరణ సంఘము 2020లో నూతన నియమములను ప్రకటించి, ఆ జన్యువుల పేర్లనే ‘మార్చ్ఎఫ్1’, ‘సెప్టిన్2’ అని మార్చివేసినది.
* తారుమారైన గుర్తు: అమెరికా శాస్త్రవేత్త జెఫ్రీ ఛాంగ్ బృందము వాడిన ప్రోగ్రాములో ఒక గుర్తు తారుమారైనందున మాంసకృత్తుల నిర్మాణము తలక్రిందులుగా తేలినది. సైన్స్ పత్రికలో వెలువడిన మూడు పత్రములను 2006 డిసెంబరులో ఉపసంహరించుకొన్నారు. ఆ ప్రోగ్రాము వేరొక ప్రయోగశాల నుండి వచ్చినది.

మొదటిది పనిముట్టు స్వభావము తెలియకపోవుట వలన, రెండవది పనిముట్టును పరీక్షించకపోవుట వలన జరిగినవి. రెండింటికిని విరుగుడు కనీస పరిజ్ఞానమే.

కృత్రిమ మేధ వచ్చిన తరువాత

మాంసకృత్తుల నిర్మాణమును ఊహించు ఆల్ఫాఫోల్డ్ రూపకర్తలు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, మాంసకృత్తుల రూపకల్పనకు గాను డేవిడ్ బేకర్‌కు 2024లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. 2022 చివరి నుండి చాట్‌జీపీటీ వంటి సాధనములు అడిగిన వెంటనే ప్రోగ్రామును వ్రాసి ఇచ్చుచున్నవి. ఇక ప్రోగ్రామింగు నేర్వనక్కరలేదను వాదము కూడా వినబడుచున్నది. అయితే ఇట్లు వచ్చిన ప్రోగ్రాము ఎన్‌లను మొత్తములో కలిపినదా, వదలినదా అని చదివి తెలుసుకొనగలవాడే దానిని నమ్మకముగా వాడగలడు. వ్రాయు శ్రమ తగ్గినది గాని, సరిచూచు బాధ్యత తగ్గలేదు.

భాషా సమస్య

తెలుగు మాధ్యమములో చదివిన గ్రామీణ విద్యార్థికి ప్రోగ్రామింగు పుస్తకములు ఆంగ్లములో ఉండుట మరొక ఆటంకము. నిజానికి పైథాన్ భాషలోని ముఖ్య పదములు ముప్పది అయిదు మాత్రమే. వాటిని గుర్తుంచుకొనుట కష్టము కాదు. వివరణ తెలుగులో దొరకకపోవుటయే కష్టము. ఐ.ఐ.టి. బొంబాయిలో ఆరంభమైన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రణాళిక లినక్స్, పైథాన్, లిబ్రెఆఫీస్ మొదలగు వాటిపై పాఠములను తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ఉచితముగా అందించుచున్నది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ గ్నూ/లినక్స్‌ను తెలుగులో అందించుటకు కృషి చేసినది. రోసలిండ్ అను వెబ్‌సైటులో జీవశాస్త్ర సమస్యలనే ప్రోగ్రామింగు అభ్యాసములుగా సులభము నుండి కఠినమునకు వరుసగా ఇచ్చారు. అందులోని మొదటి అభ్యాసము, ఇచ్చిన డి.ఎన్.ఏ. క్రమములో నాలుగు అక్షరములు ఎన్నేసి ఉన్నవో లెక్కించుట.

ఇవి కూడా చూడండి

* జీవ సమాచార శాస్త్రము
* సి.ఆర్.రావు
* మానవ జన్యుపట ప్రణాళిక
* పైథాన్ (కంప్యూటరు భాష)
* తామర పురుగు
* జి.కొండూరు